సుధ: మానే పగులు, మానని ఉప్పు



గత మాసం దర్శనానికి వచ్చిన ఒక దాత ప్రదక్షిణం ముగించుకొని, మండపం మెట్ల మీద నా పక్కన కూర్చుని ఒక ప్రశ్న అడిగారు. “శాస్త్రిగారూ, ఇనుప ముక్కైనా లేకుండా సున్నంతో కట్టిన గుళ్ళు వందల ఏళ్ళుగా నిలిచి ఉన్నాయి. సిమెంటూ ఇనుమూ పోసి కట్టిన మా ఇల్లు ముప్పై ఏళ్ళకే పెచ్చులు రాలుస్తున్నది. మన పెద్దలు ఏ మంత్రం వేసి కట్టారండీ?” ఆయనది పాయకరావుపేట దాటిన తరువాత సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లె. నర్సీపట్నంలో కొండల పాదాన ఉన్న మనకు కెరటాల హోరు వినిపించదు గాని, మన ఆలయానికి వచ్చే భక్తులలో చాలామంది నక్కపల్లి, రాంబిల్లి, అచ్యుతాపురం ప్రాంతాలవారు. వారి ఇళ్ళను ప్రతిదినం ఉప్పుగాలి తాకుతూనే ఉంటుంది.

ఇరవై ఏళ్ళ క్రితమైతే “అంతా మన ఋషుల మహిమ నాయనా” అని చెప్పి, అక్షతలు ఇచ్చి పంపేవాణ్ణి. ఈసారి ఆ మాట నా నోట రాలేదు. అందుకు కారణాలు రెండు. ఆ సమాధానం సగమే సత్యమని ఇప్పుడు తెలిసినవాణ్ణి కావడం ఒకటి. ఒకప్పుడు నేను పెట్టిన ముహూర్తమే ఒక కట్టడానికి కీడు చేసిందన్న సంగతి నా మనస్సులో ఇంకా మెదులుతూ ఉండడం రెండవది. మన ధర్మసంస్థ యాత్రికుల కోసం విశ్రాంతి మందిరం కట్టదలచిన ఈ తరుణంలో ఈ రెండింటినీ పాఠకుల ముందు ఉంచడం నా విధి అని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

సుధ అనే మాట

నేను బాల్యంలో గురువుగారి దగ్గర అమరకోశం వల్లించిన రోజులలో నానార్థవర్గంలోని ఒక పదం నాకు వింతగా తోచేది. ‘సుధ’ అనే శబ్దానికి అక్కడ మూడు అర్థాలు చెప్పబడినవి: గోడకు పూసే లేపం, అమృతం, జెముడు. దేవతలు త్రాగే అమృతానికీ, గోడకు పూసే సున్నానికీ ఒకటే పేరు ఎందుకు వచ్చినదని అడిగితే, “రెండూ తెల్లనివే కదరా” అని గురువుగారు నవ్వేవారు. సుధతో తెల్లగా పూయబడినది కనుక మేడకు ‘సౌధం’ అనే పేరు వచ్చినది. నాటి నుంచి ఆ రెండు అర్థాలకూ తెలుపు తప్ప వేరే సంబంధం లేదనే అనుకున్నాను. సున్నం స్వభావం తెలిసిన తరువాత మరొక పోలిక కనిపించింది. అమృతం మరణాన్ని తప్పిస్తుందంటారు. సున్నం తాను పూసిన గోడకు తగిలిన చిన్న గాయాన్ని తానే మాన్పుతుంది.

ఇది కవిత్వం కాదు. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాల్చితే, దానిలోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోయి పొడిసున్నం మిగులుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి, మెత్తని తడిసున్నం అవుతుంది. ఆ తడిసున్నాన్ని ఇసుకతో కలిపి గోడకు పెట్టినప్పుడు, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా తిరిగి గ్రహించి మళ్ళీ రాయిగా మారుతుంది. కొండలో ఉన్నప్పుడు ఏ పదార్థమో, గోడలో గట్టిపడిన తరువాతా అదే పదార్థం. ఈ మార్పుకు నెలలు, మందమైన గోడ అయితే ఏళ్ళే పడుతుంది. తొందరపెడితే జరగదు.

పగులు ఎలా పూడుతుంది?

గోడలో సున్నమంతా ఒకేసారి రాయిగా మారదు. లోపల కొంత సున్నం మారకుండా నిలువ ఉంటుంది. ఎండకూ, చలికీ, నేల కొద్దిగా కుంగినందుకూ గోడలో వెంట్రుకవంటి బీట పడిందనుకొందాం. వానకాలంలో ఆ బీటలోకి నీరు దిగుతుంది. ఆ నీటిలో లోపలి సున్నం కొద్దిగా కరుగుతుంది. కరిగిన సున్నం బీట అంచులకు చేరి, అక్కడ గాలి తగలగానే రాయిగా పేరుకొంటుంది. ఒక్కొక్క తడికీ ఒక్కొక్క పలుచని పొర చేరుతుంది. కొంతకాలానికి బీట ఉన్నచోట తెల్లని గీత మాత్రమే మిగులుతుంది. పాత కోట గోడల మీద, పాత బావి వరల మీద అటువంటి తెల్లని గీతలను మీలో చాలామంది చూచే ఉంటారు. అది మానిన గాయపు మచ్చ.

ఈ గుణం మన దేశపు సున్నానికే పరిమితమైనది కాదు. రోము నగరంలో పాంథియన్ అనే దేవాలయం ఉన్నది. సుమారు 43 మీటర్ల వ్యాసం గల దాని గుమ్మటం ఇనుప చువ్వ లేని కాంక్రీటుతో కట్టబడినది. దాదాపు పంతొమ్మిది శతాబ్దాలు గడిచినా అది నిలిచి ఉన్నది. రోమనులు సున్నంలో అగ్నిపర్వతపు బూడిదను కలిపేవారు. 2023లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన ఆద్మిర్ మాసిక్ అనే ఆచార్యుడూ, ఆయన సహచరులూ ప్రివెర్నమ్ అనే పురాతన పట్టణపు గోడ నుంచి తీసిన ముక్కలను పరిశీలించి ఒక విషయం ప్రకటించారు. ఆ ముక్కలలో అక్కడక్కడ కనిపించే తెల్లని సున్నపు ఉండలను అంతకుముందు సరిగా కలపని పనివాడి అశ్రద్ధగా భావించేవారు. అవి అశ్రద్ధ కాదనీ, పొడిసున్నాన్ని వేడివేడిగా కలిపినందువల్ల ఏర్పడినవనీ, బీట పడినప్పుడు కరిగి దానిని పూడ్చే నిలువ అవేననీ వారు తెలిపారు. ఆ పద్ధతిలోనే కొత్తగా దిమ్మెలు పోసి, వాటిని పగులగొట్టి, అర మిల్లీమీటరు బీటలోంచి నీటిని పారించి చూశారు. రెండు వారాలలో బీట పూడి నీరు ఆగిపోయినది. పొడిసున్నం కలపని దిమ్మెలో నీరు పారుతూనే ఉన్నది.

ఈ వృత్తాంతం చదివినప్పుడు నాకు మన ఇళ్ళలోని ధాన్యపు గాదె గుర్తుకు వచ్చినది. పంట వచ్చినప్పుడే అంతా తినివేయకుండా కొంత దాచుకొన్న సంసారం కరువును దాటుతుంది. గోడ విషయంలోనూ అంతే. కట్టేవాడు ముందే నిలువ ఉంచినది ఉంటేనే ఆపదలో అక్కరకు వస్తుంది.

డంగు సున్నం, వజ్రలేపం

మన ప్రాంతంలో అగ్నిపర్వతపు బూడిద లేదు. దానికి బదులు మన పెద్దలు బాగా కాలిన ఇటుకల పొడిని వాడుకొన్నారు. సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపి, గుండ్రని కాలువలో రాతిచక్రాన్ని ఎద్దులచేత త్రిప్పించి నూరేవారు. దానినే గానుగ సున్నమనీ, డంగు సున్నమనీ అంటారు. నా చిన్నతనంలో అటువంటి గానుగ తిరుగుతుండగా ఒడ్డున కూర్చుని చూచిన జ్ఞాపకం ఉన్నది. అందులో బెల్లపు నీళ్ళూ, కరక్కాయ నానవేసిన కషాయమూ పోసేవారు. బెల్లం సున్నాన్ని త్వరగా బిగుసుకోనీయక, పనివానికి నునుపుగా రుద్దే వ్యవధిని ఇస్తుంది. అనకాపల్లి బెల్లం దేవునికి నైవేద్యమయినట్లే దేవుని గోడకూ పనికివచ్చినది. ఈనాటికీ పురావస్తు శాఖవారు పాత కట్టడాలను మరమ్మతు చేసేటప్పుడు బెల్లం, కరక్కాయ కలిపిన సున్నాన్నే వాడుతున్నారు.

ఇక శాస్త్రగ్రంథాల మాట. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రలేపాన్ని గురించి ఒక అధ్యాయం ఉన్నది. పచ్చి తుమికికాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగుపూలు, వస మొదలైనవాటిని ఒక ద్రోణం నీటిలో కాచి, ఎనిమిదవ వంతుకు దింపి, దానిలో గుగ్గిలం, అవిసె, మారేడు వంటివి నూరి కలిపి, వేడిగా ఉండగానే పూయాలని ఆయన చెప్పాడు. ఆలయాలకు, మేడలకు, లింగాలకు, విగ్రహాలకు, గోడలకు, బావులకు దీనిని పూయవచ్చుననీ, లెక్కకు మించిన కాలం నిలుస్తుందనీ ప్రశంసించాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. వజ్రలేపం అంటే మన పూర్వులు కనిపెట్టిన సిమెంటు అని కొందరు ఉపన్యాసాలలో చెబుతారు. నేనూ చెప్పాను. గ్రంథాన్ని శ్రద్ధగా చదివితే ముఖ్యంగా అది బంకలూ గుగ్గిలాలూ కలిసిన పూత. రాతికి నీరు తగలకుండా కాపాడే కవచం. దానిని అంతవరకే చెప్పడం గ్రంథకర్తకు మనం చేసే గౌరవం. ఆయన చెప్పనిది ఆయన నోట పెట్టడం గౌరవం కాదు. నీటిని ఆపితే సగం రోగం ఆగుతుందని పదిహేను వందల ఏళ్ళ క్రితమే గుర్తించి ఒక అధ్యాయం వ్రాశాడన్నది చాలు.

సున్నానికీ హద్దులున్నాయి

సున్నం తనంతట తాను మానుతుంది కదా అని ఉపేక్షించరాదు. బీటలో నీరు అప్పుడప్పుడు దిగి ఆరితే సున్నం అక్కడే పేరుకొంటుంది. నీరు ఆగకుండా పారుతూ ఉంటే కరిగిన సున్నాన్ని వెంట తీసుకొని వెళ్ళిపోతుంది. 1887 నుంచి 1895 వరకు సున్నం, ఇటుకపొడి, రాతితో కట్టిన ముల్లపెరియార్ ఆనకట్ట ఇందుకు నిదర్శనం. దశాబ్దాల ఊటతో సున్నం కరిగి పోతున్నందువల్ల, 1979 తరువాత దానిని కాంక్రీటుతో బలపరచవలసి వచ్చినది. ఆలయాల విషయంలోనూ ఇంతే. కప్పు మీద రావిమొక్క మొలిచి, వాననీరు ఏడాది పొడుగునా గోడలోకి ఊరుతూ ఉంటే ఏ సుధా కాపాడలేదు. గాదె ఎంత పెద్దదైనా అడుగున చిల్లు ఉంటే నిలువ నిలవదు.

పైగా మనకు కనిపించే పాత గుళ్ళు నిలిచినవి మాత్రమే. కూలినవి మన కళ్ళముందు లేవు. పూర్వులు కట్టినదంతా శాశ్వతమని మనం పొరపడడానికి అదీ ఒక కారణం.

ఉప్పు చేసే కీడు

ఇప్పుడు ఆ దాత ప్రశ్నలోని రెండవ సగానికి వస్తాను. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీపనివాడు పోర్ట్‌లాండు సిమెంటుకు హక్కుపత్రం పొందాడు. సున్నపురాయినీ మట్టినీ కలిపి కాల్చడమే దానికీ మూలం. నేటి సిమెంటును సుమారు 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. అది సున్నం కంటే ఎంతో త్వరగా గట్టిపడుతుంది, ఎంతో ఎక్కువ బరువు మోస్తుంది. వెంట్రుకవంటి బీటలను పూడ్చుకొనే గుణం దానికీ కొంత ఉన్నది. 0.2 మిల్లీమీటర్లకు లోపు బీటలు, తడి తగులుతూ ఉంటే, తరచు వాటంతటవే పూడుతాయి. సిమెంటును నిందించవలసిన పని లేదు.

రోగం వేరేచోట ఉన్నది. సిమెంటు కాంక్రీటు నొక్కుడును భరిస్తుంది గాని, సాగదీతను భరించలేదు. అందువల్ల శ్లాబులో, దూలంలో ఇనుప చువ్వలు పెడతారు. కాంక్రీటులోని క్షారగుణం ఆ చువ్వల చుట్టూ కంటికి కనిపించని ఒక పలుచని పొరను నిలిపి, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఉప్పు వచ్చి ఆ పొరను ఛేదిస్తుంది. అప్పుడు గాలీ తేమా తోడై ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. లోపల ఇరుకున చిక్కిన తుప్పు ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. చువ్వ వెంబడి నిలువుగా బీట, తరువాత గోధుమరంగు మరక, ఆ తరువాత పెచ్చు. ఆ బీట సున్నంతో పూడేది కాదు. గాయం పైన లేదు, ముల్లు లోపల ఉన్నది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో క్లోరైడే సుమారు 19 గ్రాములు. ఇనుము పెట్టిన కాంక్రీటు కలిపే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండరాదని భారత ప్రమాణాల సంస్థవారి ఐ.ఎస్. 456 అనే నియమావళి చెబుతున్నది. ఇనుము లేని కాంక్రీటుకైతే అదే నియమావళి 2000 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తుంది. ఈ రెండు అంకెల తేడాలోనే విషయమంతా ఉన్నది. రోమనులు సముద్రంలోనే రేవులు కట్టారు. వారి కాంక్రీటులో సముద్రజలం ఊరి కొత్త స్ఫటికాలను పెంచిందనీ, దానివల్ల అది మరింత గట్టిపడిందనీ 2017లో మేరీ జాక్సన్ అనే పరిశోధకురాలి బృందం తెలిపినది. అందులో తుప్పు పట్టడానికి చువ్వలు లేవు.

ఇనుము లేని రాతికీ, ఇటుకకూ ఉప్పు మరొక విధంగా హాని చేస్తుంది. నేలలోని చెమ్మ దీపపు వత్తి నూనెను పీల్చినట్లు గోడలోకి ఎక్కుతుంది. నీరు ఆరిపోతుంది, అది తెచ్చిన ఉప్పు మాత్రం సూక్ష్మరంధ్రాలలో గడ్డకట్టి రాతిని పొడిపొడిగా రాలుస్తుంది. మహాబలిపురంలోని సముద్రతీర దేవాలయం మీద పురావస్తు శాఖవారు తడిపిన కాగితపు గుజ్జును పట్టువేసి ఉప్పును బయటకు లాగుతారు. సున్నపు పూత ఉన్న గోడ ఊపిరి పీల్చుకొంటుంది. చెమ్మ పూతలోంచి బయటకు వచ్చి, ఉప్పు పూతలోనే పేరుకొని, పూత రాలినా రాయి మిగులుతుంది. పూతను తరువాత మళ్ళీ వేయవచ్చు. అదే గోడకు భక్తితో గట్టి సిమెంటు పూత వేయిస్తే చెమ్మ బయటకు దారి లేక ఇంకా పైకి ఎక్కి, లోపలి రాతినే తినివేస్తుంది. చూడడానికి కొత్తగా ఉంటుంది, లోపల శిథిలమవుతూ ఉంటుంది.

నేను పెట్టిన ముహూర్తం

సుమారు ముప్పై అయిదేళ్ళ క్రితం సముద్రతీరాన ఒక పల్లెవారు గుడి పక్కన భోజనశాల కడుతూ నా దగ్గరకు వచ్చారు. శ్లాబు వేయడానికీ, ప్రవేశానికీ రెండు ముహూర్తాలు కావాలన్నారు. పంచాంగం చూచి శ్లాబుకు ఒక శుభదినం, దానికి తొమ్మిదవనాడు ప్రవేశం నిర్ణయించాను. ఆపైన శుక్రమూఢం వస్తున్నది. పెద్దలంతా సంతోషించారు. వెనుక నిలబడిన మేస్త్రీ మాత్రం చేతులు కట్టుకొని, “పంతులుగారండీ, శ్లాబు నీళ్ళు తాగాలండి. ఇంకో పదిరోజులు ఆగితే మంచిదండి” అన్నాడు. “మూఢంలో ప్రవేశం కూడదు, తెలుసునా?” అన్నాను. అతడు మరి మాటాడలేదు.

ప్రవేశానికి రంగులు వేయాలి, పందిరి కట్టాలి. అందువల్ల అయిదవనాడే శ్లాబు మీద నీటిమడులు తీసివేశారు. ఎనిమిదవనాడు సెంట్రింగు ఊడదీశారు. ఆ నాలుగు రోజులు పట్టిన నీరు కూడా పక్కనున్న ఉప్పుబావి నీరే. కాంక్రీటు కలిపినదీ దానితోనే. తొమ్మిదవనాడు నేనే మంత్రాలు చదివి, కొబ్బరికాయ కొట్టించి, సంభావన పుచ్చుకొని వచ్చాను.

పన్నెండేళ్ళ తరువాత ఒక ఉత్సవానికి మళ్ళీ వెళ్ళాను. కప్పుకు చువ్వల వెంట గోధుమరంగు చారలు కనిపించాయి. ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. ఆ రాత్రి పెద్ద పెచ్చు ఒకటి ఊడి నేలమీద పడినది. మధ్యాహ్నం సరిగా అదే చోట పంక్తిలో పిల్లలు కూర్చుని భోజనం చేశారు. వారికి నేనే పరిషేచనం చెప్పించాను. తెల్లవారి ఆ పెచ్చును చేతిలోకి తీసుకొంటే, దానికి అంటుకొని వచ్చిన తుప్పు పొరలు పొరలుగా అరచేతిలో రాలినది.

శాస్త్రం తప్పు కాదు. మూఢం వెళ్ళిన తరువాత ముహూర్తం పెట్టుకోమని శాస్త్రం అడ్డు చెప్పదు. పనివాని మాట వినవద్దనీ చెప్పదు. తిథి, వార, నక్షత్రాలను లెక్కించిన నేను, ఆ పదార్థానికి కావలసిన కాలాన్ని లెక్కించలేదు. అది నా అవివేకం. నాటి నుంచి కట్టడానికి ముహూర్తం అడిగినవారిని, ముందు మేస్త్రీని తీసుకొని రమ్మంటున్నాను. అతడు చెప్పిన దినాలు విడిచి, ఆ తరువాతి శుభదినాన్ని చూస్తున్నాను.

నేటి ప్రయత్నాలు

పగులు తనంతట పూడే గుణాన్ని సిమెంటుకు మరింతగా ఇవ్వాలని నేటి శాస్త్రజ్ఞులు కృషి చేస్తున్నారు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో హెంక్ యాంకర్స్ అనే ఆయన, క్షారాన్ని తట్టుకొనే సూక్ష్మజీవుల బీజాలనూ, వాటికి ఆహారాన్నీ కాంక్రీటులో కలిపారు. గింజ నేలలో నిద్రించినట్లు ఆ బీజాలు కాంక్రీటులో నిద్రిస్తాయి. బీట పడి నీరు దిగినప్పుడు మేల్కొని, ఆహారం తిని, సున్నపురాయిని విడుస్తాయి. 0.8 మిల్లీమీటర్ల వరకు బీటలు ఈ విధంగా పూడినట్లు తెలిపారు. మన హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలోనూ బాసిల్లస్ సబ్టిలిస్ అనే మట్టిలోని సూక్ష్మజీవితో ఇటువంటి పరిశోధన జరిగినది.

ఆలయాలకు సంబంధించి నా మనస్సుకు హత్తుకొన్న ఉదాహరణ మరొకటి ఉన్నది. హవాయి దీవులలోని కవాయి ద్వీపంలో ఇరైవన్ అనే శివాలయం ఉన్నది. చుట్టూ మహాసముద్రం. వేయేళ్ళు నిలవాలనే సంకల్పంతో 1999లో దానికి పునాది వేశారు. కుమార్ మెహతా అనే భారతీయ సంతతి ఆచార్యుడు ఆ పునాదికి మార్గదర్శి. సుమారు 117 అడుగుల పొడవు, 56 అడుగుల వెడల్పు, 4 అడుగుల మందం గల ఆ పునాదిలో ఒక్క ఇనుప చువ్వ కూడా లేదు. సిమెంటును తగ్గించి, పొడిలో సగానికి పైగా బొగ్గు మండించగా వచ్చే సన్నని బూడిదను కలిపారు. ఆ మిశ్రమం మెల్లగా గట్టిపడుతుంది, వేడి తక్కువ పుడుతుంది, బీటలు తగ్గుతాయి. బెంగళూరులో శిల్పులు చెక్కిన రాళ్ళను ఓడలలో తీసుకువెళ్ళి దానిమీద పేర్చి, 2023 మార్చిలో ప్రతిష్ఠ జరిపారు. పునాదికీ ప్రతిష్ఠకూ నడుమ దాదాపు ఇరవై నాలుగేళ్ళు.

రోమనుల అగ్నిపర్వతపు బూడిద, మన పెద్దల ఇటుకపొడి, కవాయిలోని బొగ్గుబూడిద చేసే పని ఒకటే. సున్నంతో కూడి, రంధ్రాలను సన్నగిల్లజేసి, ఉప్పు లోపలికి ఈదకుండా అడ్డుపడడం. ఆ బూడిదకోసం మనం దూరం పోనక్కరలేదు. మన జిల్లాలోని పరవాడ సింహాద్రి విద్యుత్కేంద్రంలో అది వస్తున్నది. విశాఖ ఉక్కు కర్మాగారపు కొలిమి స్లాగుతోనూ సిమెంటు తయారవుతున్నది. ఉప్పు తాకే చోట ఇటువంటి సిమెంటు మేలు. అయితే వీటికి తడి మరికొన్ని రోజులు ఎక్కువ పట్టాలి.

దాతలకు, భక్తులకు మనవి

విశ్రాంతి మందిరాన్ని కార్తీకమాసంలోపలే ప్రారంభించాలని కొందరు దాతలు ప్రేమతో కోరుతున్నారు. వారి తొందర భక్తివల్ల కలిగినదే. నా తొందరా ఒకప్పుడు అటువంటిదే. అందువల్ల వారికి చేతులు జోడించి ఈ క్రింది సంగతులు విన్నవిస్తున్నాను. మీ మీ ఇళ్ళకూ, గ్రామదేవాలయాలకూ ఇవి ఉపకరిస్తాయి.

ఒకటి, ఏ బోరు నీటితో కాంక్రీటు కలుపుతారో ఆ నీటిని ముందుగా పరీక్షకు పంపాలి. ఆ ఖర్చు చాలా స్వల్పం. సముద్రపు ఒడ్డు ఇసుకను ఎన్నడూ వాడరాదు.

రెండు, చువ్వలకు పైన తగినంత కాంక్రీటు కప్పు ఉండాలి. తీరప్రాంతంలో 45 మిల్లీమీటర్లు, ఉప్పుతుంపర నేరుగా పడేచోట 50 మిల్లీమీటర్లు ఉండాలని నియమావళి చెబుతున్నది. చువ్వల క్రింద రాతిముక్కలో, ఇటుకముక్కలో పెట్టక, కొలత ప్రకారం పోసిన కవరు బిళ్ళలు పెట్టించండి.

మూడు, శ్లాబు వేసిన తరువాత కనీసం 7 దినాలు, బూడిదో స్లాగో కలిసిన సిమెంటుకైతే 14 దినాలు మంచినీటితో తడి ఆరకుండా చూడాలి. నీటిమడులు, గోనెసంచులు తీయకండి. ఈ పనికి ఒక మనిషిని నియమించడానికి ఇచ్చే కూలి కూడా దేవాలయ దానమే.

నాలుగు, సున్నంతో కట్టిన పాత గోడలకు సిమెంటు పూత వేయించవద్దు, ఊపిరి ఆడని రంగులు పూయవద్దు. సున్నానికి సున్నమే వైద్యం.

అయిదు, ప్రతి సంవత్సరం వానకాలానికి ముందు కప్పు మీది మొక్కలను పీకించి, నీటి తూములు శుభ్రం చేయించండి. వెంట్రుకవంటి బీటను చూచి భయపడవద్దు. చువ్వ వెంట సాగిన బీటను, గోధుమరంగు చారను చూచినప్పుడు మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయక తెలిసిన ఇంజినీరును పిలవండి. ఆ కప్పు క్రింద ఎవరినీ కూర్చోనీయకండి.

జీర్ణోద్ధరణ కొత్త నిర్మాణం కంటే పుణ్యప్రదమని పెద్దలు చెబుతారు. అయినా శిలాఫలకం మీద పేరు చెక్కించే కొత్త మందిరానికి ధనం వచ్చినంత త్వరగా, తూము శుభ్రానికీ సున్నపు పూతకూ రాదు. మన ధర్మసంస్థకు వచ్చే విరాళాలలో కొంత భాగాన్ని ఏటా మరమ్మతుల కోసమే నిలువ ఉంచాలని ధర్మకర్తలను కూడా ఈ ముఖంగా ప్రార్థిస్తున్నాను.

మెట్లమీద నన్ను అడిగిన ఆ దాతకు ఇదంతా అప్పుడు చెప్పలేకపోయాను. “మంత్రం కాదు నాయనా, ఓర్పు” అని మాత్రం అన్నాను. ఆయన ఇంటి కప్పుకు చువ్వల వెంట చారలు ఉన్నాయేమో చూచుకొమ్మన్నాను. వారం తరువాత ఫోను చేసి, రెండు గదులలో ఉన్నాయనీ, ఆ గదులు ఖాళీచేసి ఇంజినీరును పిలిచాననీ చెప్పారు. విశ్రాంతి మందిరానికి తాను ఇవ్వదలచిన సొమ్ము అలాగే ఇస్తాననీ, ప్రారంభం మాఘంలో జరిగినా తనకు అభ్యంతరం లేదనీ అన్నారు. మిగిలిన దాతలూ అదే మాట అంటే, మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకొని పంచాంగం తెరవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

శుభం భూయాత్.